వదలని బ్రేకు

65వ నంబరు జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి దాటి కట్టంగూర్ వైపు వస్తుంటే, రోడ్డు పక్కన ఆగిన కార్ల ముందు చక్రాల మీదికే నా చూపు పోతుంది. మాడు వాసన వస్తుందని చక్రం మీద సీసాడు నీళ్లు గుమ్మరించేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అంతగా కాగిన డిస్కు ఉన్నట్టుండి చల్లబడితే వంకరపోవచ్చు, పగలనూవచ్చు.

బ్రేకు పడదేమోనని అందరం భయపడతాం. పడ్డ బ్రేకు వదలకపోవడమూ అంతే ప్రమాదం. పెడల్ మీంచి కాలు తీయగానే, క్యాలిపర్‌లో ప్యాడ్లను నొక్కే పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు దాన్ని వెంట్రుకవాసి వెనక్కి లాగాలి. దాని మీది రబ్బరు తొడుగు (డస్ట్ బూట్) చిరిగి తడి చేరితే పిస్టన్ తుప్పుపట్టి అక్కడే బిగుసుకుంటుంది. క్యాలిపర్ అటూ ఇటూ జారే స్లైడ్ పిన్నులు ఎండిపోతే మరో తంటా.

"అన్నా, గిది సూడు, లోపలి ప్యాడ్ బిస్కెట్ లెక్క పలచనైంది, బయటిది కొత్తగనే ఉంది" అని మెకానిక్ రెండూ అరచేతిలో పెట్టి చూపిస్తే ఇక చెప్పాల్సిందేముంది?

పిన్నులు శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పెడితే చాలాసార్లు పని జరిగిపోతుంది. మామూలు గ్రీజు మాత్రం వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. గుంటలు పడ్డ పిస్టన్‌ను గీకి మళ్లీ వేయడానికి నేను ససేమిరా ఒప్పుకోను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి 2 ఏళ్లకోసారి మార్పించాలి. రెండో వైపు క్యాలిపర్‌నూ అదే చేత్తో విప్పించి చూస్తాను.