ఊరి పేరున్న నోటు

పాత అమెరికన్ నేషనల్ బ్యాంక్ నోటు ఏది కనిపించినా నా చూపు ముందు దాని మీది ఊరి పేరు దగ్గరే ఆగుతుంది. 1863లో వచ్చిన చట్టంతో మొదలై 1935 దాకా అక్కడ చిన్న చిన్న ఊళ్ల బ్యాంకులు కూడా ప్రభుత్వ బాండ్లు ఖజానాలో పెట్టి, తమ పేరుతో నోట్లు ఇచ్చేవి. నోటు మీద బ్యాంకు పేరు, ఊరు, చార్టర్ నంబరు, కింద ఆ బ్యాంకు ప్రెసిడెంటు, క్యాషియర్ల సంతకాలు!

అందుకే వీటికి విలువ కట్టే లెక్క వేరు. ఎంత పాతది అన్నదొక్కటే చూస్తే పొరపాటే. మహానగరంలోని పెద్ద బ్యాంకు నోట్లు ఎన్నో మిగిలి ఉంటాయి. మారుమూల ఊరి బ్యాంకువి ఒకటో రెండో దొరికితే గొప్ప. 1929లో మొదలైన చిన్న సైజు నోటైనా సరే, ఊరు అరుదైతే సేకర్తలు పోటీ పడతారు. మడతలు, చిరుగులు, సంతకాల స్పష్టత కూడా ధరను మారుస్తాయి.

ఎప్పుడో మూతపడ్డ కొన్ని బ్యాంకులకు ఇప్పుడు మిగిలిన గుర్తు ఆ కాగితమే.

మీ ఇంట్లో పెద్దవాళ్లు దాచిన పాత నోటు, ఏ దేశానిదైనా, ఉంటే దయచేసి కడగొద్దు, ఇస్త్రీ చేయొద్దు, టేపు అంటించొద్దు. ఉన్నది ఉన్నట్టే దాచండి.