వస్తుందన్న ఆట

ప్రతి ఏటా మన వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, ఉద్యోగాల గురించి, అమ్మ గురించి రాసేవాళ్ళు ఉంటారు. ఫోన్లో ఆడే ఆటల గురించి మాత్రం ఎవరూ రాయరు. రాస్తే వార్డెన్ సార్ చదువుతారని భయం కావచ్చు. కానీ నిజం చెప్పుకుంటే, రాత్రి స్టడీ అవర్ అయ్యాక మన గదుల్లో గ్రూప్స్ గురించి, డీఎస్సీ గురించి ఎంత మాట్లాడుకున్నామో, రాబోయే ఆటల గురించీ అంతే మాట్లాడుకున్నాం. అందులో ఎక్కువ భాగం ఎదురుచూపులే. ఆ ఎదురుచూపులు ఏమయ్యాయో మా గదివాళ్ళ తరఫున రాస్తున్నాం. 'మేము' అని ఎందుకంటే, ఒక్క ఫోన్ని నలుగురం వంతులేసుకుని ఆడినవాళ్ళం. ఈ బాధ ఒకరిది, ఆ బాధ ఇంకొకరిది అని విడదీయడం కుదరదు.

మొదట ఫౌజీ సంగతి. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. అప్పటికి కరోనా వల్ల హాస్టళ్ళు మూసేసి ఉన్నాయి. ఎవరి ఊళ్ళో వాళ్ళం ఉన్నాం. ఆన్‌లైన్ క్లాసుల కోసమని మా ఇళ్ళల్లోకి మొదటిసారి స్మార్ట్‌ఫోన్ వచ్చిన సంవత్సరం అది. మాలో ఒకడి ఫోను వాళ్ళమ్మ మిరపకోతలకు వెళ్ళి దాచిన డబ్బుతో కొన్నది, ఇంకొకడిది మేనమామ వాడి ఇచ్చినది. అన్నీ 2 జీబీ ర్యామ్ ఫోన్లే. క్లాసు ఒక గంట, మిగతాదంతా పబ్జీ. సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు దగ్గర కూర్చుని మైకు ఆన్ చేస్తే, నాలుగు ఊళ్ళలో ఉన్న నలుగురం మళ్ళీ హాస్టల్ గదిలో ఉన్నట్టే ఉండేది. ఫోన్లో ముందే ఉన్నవాళ్ళకు అక్టోబరు 30 దాకా ఆ ఆట నడిచింది. తర్వాత అదీ లేదు.

నిషేధం వచ్చిన రెండు రోజులకే, సెప్టెంబరు 4న, ఫౌజీ అనే మన దేశపు ఆట వస్తోందని హీరో అక్షయ్ కుమార్ ప్రకటించారు. నికర ఆదాయంలో 20 శాతం 'భారత్ కే వీర్' నిధికి ఇస్తామన్నారు. దసరా రోజున టీజర్ వచ్చింది. గల్వాన్ లోయ, మంచు, మన జవాన్లు. ఆ ఏడాది జూన్‌లో గల్వాన్‌లో అమరులైన 20 మందిలో మన సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు గారు ఉన్నారు. ఆయన అంతిమయాత్రను టీవీలో ఇంటిల్లిపాదీ చూశాం. అందుకే ఆ టీజర్ మాకు మామూలు ఆట టీజర్‌లా అనిపించలేదు. మా వాట్సాప్ గ్రూపు పేరు కూడా ఫౌజీ అని మార్చుకున్నాం.

2021 జనవరి 26న ఆట వచ్చింది. తీరా చూస్తే ఒక్కడే ఆడాలి. మంచులో నడుచుకుంటూ వెళ్ళాలి, ఎదురొచ్చినవాళ్ళను చేతులతో, చేతికి దొరికిన దానితో కొట్టాలి, దెబ్బలు తగిలితే చలిమంట దగ్గర కూర్చోవాలి. మళ్ళీ నడవాలి. తుపాకీ లేదు. నలుగురు కలిసి ఆడే విభాగాలకు 'త్వరలో' అని రాసిపెట్టారు. మేము అంతకాలం ఎదురుచూసింది మైకు కోసం. ఆ మైకే లేదు. రెండు సాయంత్రాల్లో గ్రూపు మూగబోయింది.

న్యాయంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. గల్వాన్‌లో జరిగిన ఘర్షణే తుపాకులు పేలకుండా జరిగింది. కాబట్టి తుపాకీ లేకపోవడం తప్పు కాదు, జరిగినదానికి అదే దగ్గర. మాలో ఒకడు ఈ మాటే పట్టుకుని వాదించాడు. వాడి వాదనకు మా దగ్గర జవాబు లేదు. కానీ పబ్జీ పోయిన రెండో రోజున వస్తోందని చెప్పిన ఆట పబ్జీ లాంటిది అనుకోకుండా ఎవరైనా ఎలా ఉంటారు? పైగా గల్వాన్ పేరున్న ఆటను బాగాలేదని పైకి అనడానికి నోరు రాలేదు. నచ్చని ఆటను నవ్వుకుని తీసిపారేసే వీలు కూడా లేకపోవడం మాకు అదే మొదటిసారి. జట్లుగా ఆడే విభాగం ఆ ఏడాది జూన్‌లో వచ్చింది. జూలై 2న బీజీఎంఐ రావడంతో అందరూ అటు వెళ్ళిపోయారు.

ఫౌజీ బాధ మరిచిపోయాం. ఫ్రీ ఫైర్ బాధ అలాంటిది కాదు.

మన హాస్టల్లో ఫ్రీ ఫైర్‌కు ఉన్న మర్యాద ఇంకో ఆటకు లేదని పాత విద్యార్థులందరికీ తెలుసు. బొమ్మలు బాగుంటాయని కాదు, తక్కువ ఫోన్లలో కూడా నడుస్తుందని. యాభై మంది దిగితే పది నిమిషాల్లో తేలిపోతుంది. భోజనాల గంట కొట్టి, కంచం పట్టుకుని వరుసలో నిలబడేలోగా ఒక ఆట ముగిసేది. 2022 ఫిబ్రవరి 14న దాన్నీ నిషేధించారు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మిగిలింది గానీ, అది పెద్ద ఫోన్ల కోసం చేసినది. మా ఫోన్లు ఇస్త్రీపెట్టెలా కాలిపోయేవి, సరిగ్గా ఎదుటివాడు కనిపించినప్పుడు బొమ్మ ఆగిపోయేది.

మా గదిలో ఒక మిత్రుడు ఉండేవాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. వాడు ఆడుతుంటే పక్క గదుల అన్నలు మంచం చుట్టూ చేరి చూసేవాళ్ళు. టౌన్‌లో జరిగిన చిన్న పోటీలో ఒకసారి పదిహేను వందలు గెలిచాడు. సగంతో పరీక్ష ఫీజు కట్టాడు, మిగతా సగంతో మాకు బిర్యానీ పెట్టించాడు. డిగ్రీ అయ్యాక వాడికి పీజీ సీటు రాలేదు. అప్పుడే, 2023 ఆగస్టు చివర, ఫ్రీ ఫైర్ ఇండియా వస్తోందని, ధోనీ దానికి ప్రచారకర్త అని, సెప్టెంబరు 5న విడుదలని ప్రకటన వచ్చింది. వాడు వేసవంతా కేటరింగ్ పనికి వెళ్ళిన డబ్బుతో 4 జీబీ ఫోను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పెద్ద పోటీలు పెడతారు, ఒక్క ఏడాది ప్రయత్నిస్తానని ఇంట్లో చెప్పాడు. వాళ్ళ నాన్న తాపీ మేస్త్రి. కోప్పడలేదు. "సంక్రాంతి దాకా చూడరా, రాకపోతే నాతో పనికి రా" అన్నాడు.

విడుదలకు ముందు రోజు, సెప్టెంబరు 4న, కొన్ని వారాలు వాయిదా అన్నారు. కొన్ని వారాలే కదా అనుకున్నాం. వాడు రోజూ పొద్దున లేవగానే ప్లే స్టోర్ తెరిచి చూసేవాడు. మేము ఫోన్ చేస్తే ముందు ఆ కబురే. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. సంక్రాంతి మూడు రోజులూ ఊళ్ళో అందరితో కోడిపందేలు చూశాడు, కనుమ మర్నాడు తాపీ పట్టుకుని నాన్న వెంట వెళ్ళాడు. 2024 కూడా మొత్తం గడిచింది, ఆ ఆట రాలేదు. ఇప్పుడు వాడు విజయవాడలో టైల్స్ పని చేస్తున్నాడు. చేతి పని శుభ్రం, అడిగి పిలిపించుకుంటారు. ఆట వచ్చి ఉంటే వాడు గెలిచేవాడని మేము అనడం లేదు. దేశమంతా ఆడే ఆటలో గెలవడం మాటలు కాదు. ఓడిపోవడానికైనా వాడికి ఒక పోటీ దొరకలేదని మాత్రం మాకు ఉంది.

ఇక వచ్చి కూడా బాధపెట్టినది ఒకటుంది. జీటీఏ శాన్ ఆండ్రియాస్. 2004లో ప్లేస్టేషన్ 2 కోసం వచ్చిన ఆట అది. మేము హైస్కూల్లో ఉండగా మండల కేంద్రంలోని ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకు పది రూపాయలకు ఆడాం. చీట్ కోడ్‌లు లెక్కల నోట్సు వెనక పేజీలో రాసుకున్నాం. దాన్ని కొత్త హంగులతో 2021 నవంబరు 11న మళ్ళీ విడుదల చేశారు. పండగ సెలవుల్లో టౌన్‌లోని గేమింగ్ సెంటర్‌లో నలుగురం తలా ఇరవై వేసుకుని గంటసేపు ఆడాం. వాన పడితే తెల్ల గీతలు గీసినట్టు పడుతోంది, ఎదురుగా ఏమీ కనపడదు. మనుషుల ముఖాలు ప్లాస్టిక్ బొమ్మల్లా ఉన్నాయి. అవన్నీ ఎలాగో ఓర్చుకున్నాం. కొండెక్కి చూసినప్పుడు మాత్రం ప్రాణం ఉసూరుమంది.

పాత ఆటలో దూరంగా ఎప్పుడూ మంచు కమ్మినట్టు ఉండేది. అది అందం కోసం ఒక్కటే పెట్టింది కాదు. ప్లేస్టేషన్ 2లో ఉన్న మెమరీ 32 ఎంబీ. అంటే మా 2 జీబీ ఫోన్లో అరవై నాలుగో వంతు. దూరపు భవనాలను గీసే శక్తి దానికి లేదు. ఆ లోటును మంచుతో కప్పారు. ఆ మంచు వల్లే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కారులో వెళ్తుంటే జిల్లాలు దాటుతున్నట్టు ఉండేది. కొత్త యంత్రానికి శక్తి ఉంది కదా అని మంచు తీసేశారు. కొండ మీద నిలబడితే మూడు నగరాలూ పక్కపక్కనే, దోసిట్లో పట్టేటంత. మేము రోజుల తరబడి తిరిగిన దేశం ఇంతేనా అని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తయారుచేసినవాళ్ళు ఆ నెలలోనే క్షమాపణ చెప్పారు. 2023 డిసెంబరులో ఫోన్లకు వచ్చిన దాంట్లో, 2024 నవంబరులో మిగతా యంత్రాలకు వచ్చిన అప్‌డేట్‌లో పాత వెలుగు మళ్ళీ పెట్టారు.

సైబర్‌పంక్ 2077 గురించి ఎక్కువ రాయం, ఎందుకంటే అది మేము ఆడనే లేదు. యూట్యూబ్‌లో ట్రైలర్లు చూసి ఎదురుచూశాం, యూట్యూబ్‌లోనే నిరాశపడ్డాం. మూడుసార్లు వాయిదా పడి 2020 డిసెంబరు 10న వచ్చింది. కొత్త యంత్రాలున్నవాళ్ళకు ఒకలా, పాత ప్లేస్టేషన్ 4 ఉన్నవాళ్ళకు ఇంకోలా నడిచింది. వారం తిరిగేసరికి ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేశారు. 2021 జూన్ 21న గానీ మళ్ళీ పెట్టలేదు. పాత పెట్టె ఉన్నవాళ్ళ కోపం చూసి, అంత ఖరీదైన వస్తువు కొన్నవాళ్ళూ మనలాగే ఇబ్బంది పడతారా అని మేము ఆశ్చర్యపోయాం. కొంచెం సంతోషించాం కూడా. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్‌తో ఆట చాలా బాగుపడింది.

మొన్న హాస్టల్‌కు వెళ్ళినప్పుడు మా పాత గదిలో ఉన్న తమ్ముళ్ళు జీటీఏ 6 గురించి మాట్లాడుకుంటున్నారు. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాలకు అని ప్రకటించిన ఆట అది. ఆ పెట్టె ధర మన ఏడాది మెస్ చార్జీల కన్నా ఎక్కువ. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. అయినా ఒక తమ్ముడు తన అల్మరా తలుపు లోపలివైపు పెన్సిల్‌తో తేదీలు రాసుకున్నాడు. మొదట 2025 అని రాసి కొట్టేశాడు. దాని కింద 2026 మే 26, అదీ కొట్టేశాడు. ఆ కింద 2026 నవంబరు 19. దాని కింద ఇంకో తేదీ పట్టేంత చోటు వదిలిపెట్టాడు.