వెలిగీ వెలగని దీపం

మా వ్యాను డ్యాష్‌బోర్డు మీద చిటికెనవేలి గోరంత దీపం ఒకటుంది. రెండు చక్రాలు, మధ్యలో ఇరుసు, ఇరుసు మీద ఇంటూ గుర్తు. అది నిలకడగా వెలిగితే వెనక చక్రాలు రెండూ ఒకదానికొకటి బిగుసుకున్నాయని అర్థం. ఆరుతూ వెలుగుతూ ఉంటే, మీట నొక్కిన కబురు అందింది గానీ పని ఇంకా పూర్తికాలేదని అర్థం. మామూలుగా అలా కొట్టుకునేది నాలుగైదు సెకన్లే. 2023 డిసెంబరులో ఓ ఆదివారం నొక్కి చూస్తే పది నిమిషాలైనా కొట్టుకుంటూనే ఉంది.

మేముండేది న్యూజిలాండులోని ఆక్లండ్‌లో. ఇక్కడి రోడ్ల మీద తిరిగేవాటిలో జపానులో వాడి అమ్మేసిన బళ్లు చాలా ఎక్కువ. 1980ల చివర్లో దిగుమతి నిబంధనలు సడలించాక అవి ఓడల కొద్దీ దిగాయి. రెండు దేశాల్లోనూ ఎడమవైపు నడపడమే కాబట్టి స్టీరింగు మార్చే పని కూడా లేదు. మాది 1997 నాటి వ్యాను. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్తుంది, ఎనిమిది మంది ఎక్కుతారు, లోపలి హెచ్చరికలన్నీ జపాను భాషలో ఉంటాయి. ఏడు వేల డాలర్లకు కొన్నాం. జనవరిలో పిల్లలకు వేసవి సెలవులు (ఇక్కడ రుతువులు తలకిందులు). ఉత్తరాన తొంభై మైళ్ల తీరానికి వెళ్దామని అప్పటికే నిర్ణయమైపోయింది. పేరు తొంభై మైళ్లేగానీ నిజానికి 88 కిలోమీటర్లు. ఆ ఇసుక తీరమే అధికారికంగా రోడ్డు. పోటు తగ్గిన వేళ చూసుకుని నడపాలి. ఉత్తరపు కొసన టె పాకి అనే వాగులోంచి బయటికి రావాలి. ఆ వాగులో ఆగితే చక్రాల కింద ఇసుక జారిపోయి బండి దిగబడుతుంది. అద్దె కార్ల వాళ్లు ఆ తీరం మీదకు తమ బళ్లు తీసుకెళ్లొద్దని ముందే రాయించుకుంటారు. అలాంటిచోటికి ఆ లాకు పనిచేయకుండా మామగారినీ అత్తగారినీ ఎక్కించుకుని వెళ్లడానికి నాకు ధైర్యం చాలలేదు.

దగ్గర్లోని ఓ వర్క్‌షాపులో చూపించాను. ఆయన లోపల కూర్చుని మీట నొక్కాడు, దీపం చూశాడు, దిగాడు. "లాకు పోయింది. విప్పి చూడ్డం దండగ. పాత బండిలోంచి వెనక ఇరుసు మొత్తం తెచ్చి వేస్తా" అన్నాడు. రెండు వేల ఆరువందల డాలర్లు చెప్పాడు. ఆయన్ని తప్పుపట్టను. మనిషి గంట కూలి సామాను ధరను మించిన దేశంలో వెతకడం కంటే మార్చడమే చవక. మనవైపు లెక్క దీనికి తిరగేసి ఉంటుంది. సామాను కొనలేక మనిషి కూర్చుని వెతుకుతాడు. ఇంటికొచ్చి ఆ అంకె చెబితే మా ఆవిడ, "ఆ డబ్బు పెట్టేకంటే బండిని అమ్మేద్దాం. తీరం ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాది చూద్దాం" అంది.

వచ్చే ఏడాదికి మా మామగారు ఇక్కడ ఉండరు. అందరికీ తెలిసిన ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

ఆయనది నిడదవోలు దగ్గర పల్లెటూరు. ముప్పయ్యేళ్లు సొంత ట్రాక్టరు తోలారు, దాని మరమ్మతులూ ఆయనే చేసుకున్నారు. మోకాళ్లు మొరాయించాక ట్రాక్టరు అమ్మేశారు. ఆరు నెలలు ఉండిపోదామని అత్తయ్యగారితో కలిసి వచ్చారు గానీ, మూడోవారానికే ఆయనకు ఇల్లు జైలైపోయింది. పొద్దున్నే లేచి వెనక గుమ్మంలో కుర్చీ వేసుకుని పక్కింటివాళ్ల గడ్డి వైపు చూస్తూ కూర్చునేవారు. అత్తయ్యగారు వంటింట్లో సాయానికి వెళ్లేవారు. ఈయనకు ఆ దారీ లేదు. ఏమైనా తెమ్మంటారా అని అడిగితే "ఏం వద్దండీ, బానే ఉంది" అనేవారు. ఆ బానే ఉండడం మాకు బాగుండేది కాదు.

ఇరుసు ధర సంగతి విన్నప్పుడు మాత్రం కుర్చీలోంచి లేచారు. "అల్లుడుగారూ, ఆ డిఫరెన్షియల్ లాకు మన ట్రాక్టరుకు కూడా ఉంటదండి. కుడి మడమ కింద చిన్న పెడలు. దమ్ములో ఓ చక్రం జారిపోతుంటే అది తొక్కుతాం. మీ దాన్ని గాలి తొక్కుతుందేమో, అంతే తేడా" అన్నారు.

నిజంగా తేడా అంతే. రెండెడ్ల బండికి ఈ గొడవ లేదు, ఏ చక్రానికాచక్రం ఇరుసు మీద విడిగా తిరుగుతుంది. ఇంజను బండికి అలా కుదరదు. రెండు వెనక చక్రాలనూ ఒకే ఇంజను తిప్పాలి, కానీ మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్లాలి. చక్రాల మధ్య మీటరున్నర ఎడం ఉందనుకోండి. బండి గుండ్రంగా ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి బయటి చక్రం లోపలిదాని కంటే తొమ్మిది మీటర్లకు పైగా ఎక్కువ నడుస్తుంది. వలయం చిన్నదైనా పెద్దదైనా ఆ తేడా మారదు, మీ ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే లెక్క కట్టమనండి. ఆ తేడాను సర్దిపెట్టే పళ్లచక్రాల పెట్టే డిఫరెన్షియల్. ఆవిరి బండి కోసం దీనికి 1820ల చివర్లో పేటెంటు తీసుకున్నది పెకర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు.

ఆ సర్దుబాటులోనే ఒక బలహీనత ఉంది. అది రెండు చక్రాలకూ బలాన్ని సమానంగా పంచుతుంది. ఒక చక్రం బురదలో ఊరికే తిరిగిపోతుంటే దానికి పట్టే బలం నామమాత్రం, గట్టి నేల మీదున్న రెండోదానికి దక్కేదీ అంతే. బండి కదలదు. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే బండైనా ముందొకటి, వెనకొకటి జారితే చాలు, నిలబడిపోతుంది. అప్పుడు లాకు వేస్తే వెనక చక్రాలు రెండూ ఒకే కడ్డీకి బిగించినట్టు కలిసి తిరుగుతాయి, పట్టున్నది లాగుతుంది. గట్టి రోడ్డు మీద మాత్రం లాకు వేసుకుని మలుపు తిరగకూడదు. టైర్లు ఈడ్చుకుపోతాయి, ఇరుసులు మెలిపడతాయి, స్టీరింగు తిప్పినా బండి నేరుగా పోవాలని చూస్తుంది.

మర్నాడు సెలవు పెట్టాను. మామగారు లుంగీ మీద నా పాత స్వెట్టరు వేసుకుని దిగారు. ముందు పానా ముట్టుకోలేదు. "నొక్కండి, విందాం" అన్నారు. మా వ్యానులో మీట నొక్కితే వెనక సీటు పక్కన ప్లాస్టిక్ పలక వెనకున్న చిన్న మోటారు గాలి కొడుతుంది. ఆ గాలి గొట్టంలోంచి ఇరుసు దగ్గరికి వెళ్లి ఓ కవ్వం లాంటి ఫోర్కును నెడుతుంది. అది పళ్ల వలయాన్ని జరిపి బిగిస్తుంది. ట్రాక్టరు సైలెన్సరు పక్కన ముప్పయ్యేళ్లు కూర్చోవడం వల్ల ఆయనకు ఎడమ చెవి కాస్త మందం. కుడి చెవి పలకకు ఆనించారు. మోటారు ఏడెనిమిది సెకన్లు గుర్రుమని ఆగింది. ఆయన చెవి తియ్యలేదు. నేను ఏదో అడగబోతే చేత్తో ఆగమన్నారు. పది నిమిషాల తర్వాత లేచి, "మళ్లీ తిరగలేదు. అంటే గాలి ఎక్కడా కారట్లేదు. మోటారూ గొట్టమూ బానే ఉన్నాయి" అన్నారు. గొట్టం చిల్లిపడితే గాలి తగ్గినప్పుడల్లా మోటారు మళ్లీ మళ్లీ లేస్తుంది. మోటారు అసలు పలకకపోతే ఫ్యూజు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

తర్వాత ఇరుసు పెట్టెకున్న నూనె బిరడా విప్పి, వేలు ముంచి, నూనెను ఎండలో పెట్టి చూశారు. నల్లగా ఉంది గానీ ఇనుప పొడి మెరవలేదు. లోపల పళ్లు విరిగి ఉంటే నూనె చెప్పేస్తుందట.

అసలు పరీక్ష ఆ తర్వాత. ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్కలు పెట్టి, వెనక భాగం జాకీతో ఎత్తి, ఇరుసు కింద రెండు స్టాండ్లు నిలబెట్టాం. జాకీని నమ్మి ఎవరూ బండి కిందికి దూరకండి, ఈ ఒక్క విషయంలో మామగారు నా మీద గొంతు పెంచారు కూడా. నాలుగు చక్రాల నెమ్మది గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు వదిలేశాం. కుడి చక్రం నేను ముందుకు తిప్పితే ఎడమది ఆయన చేతిలో వెనక్కి తిరిగింది. లాకు లేనప్పుడు అలాగే తిరగాలి. అప్పుడు మా అబ్బాయి లోపల మీట నొక్కాడు. మోటారు గుర్రుమని ఆగింది. ఇద్దరం చక్రాలను కాస్త ముందుకీ వెనక్కీ ఊపాం, పళ్లకు పళ్లు ఎదురుపడితేనే గదా కూర్చునేది. లోపల 'టక్' మని వినపడింది. ఆ పైన ఎంత బలం పెట్టినా ఏ చక్రమూ కదల్లేదు.

"లాకు పడింది!" అన్నాను.

"దీపం ఇంకా కొట్టుకుంటోంది తాతయ్యా" అన్నాడు మా అబ్బాయి లోపల్నుంచి.

మామగారు చక్రానికి ఆనుకుని చాలాసేపు నవ్వారు. ఆరు వారాల్లో ఆయన అలా నవ్వడం మేం చూడలేదు. దీపానికి ఇరుసు కనిపించదు. పెట్టె మీద బిగించిన బటను లాంటి స్విచ్చు చెప్పిందే దానికి వేదం. ఫోర్కు పూర్తిగా జరిగినప్పుడు ఆ స్విచ్చు నొక్కుకుని కబురు పంపాలి. లాకు తన పని తాను చేస్తోంది, కబురే అందట్లేదు. ఆ స్విచ్చు సాకెట్టు ఊడదీసి, బండివైపు వైర్లు రెండూ ఓ తీగముక్కతో కలిపితే దీపం నిలకడగా వెలిగింది. లోపలికెళ్లే తీగలు మంచివే. స్విచ్చు విప్పి వేలితో నొక్కుతూ టార్చి బల్బుతో చూస్తే అదీ మంచిదే. మిగిలింది సాకెట్టు. లోపలంతా ఆకుపచ్చ చిలుము. ఒక పిన్ను మామగారి గోటికే పొడిపొడిగా రాలిపోయింది. ఎన్నేళ్ల నాటి సముద్రపు ఉప్పో!

కొత్త సాకెట్టు, చిలుము వదిలించే స్ప్రే, గ్రీజు అన్నీ కలిపి ముప్పయ్యొక్క డాలర్లు. ఖర్చు రాసే పుస్తకంలో మా ఆవిడ ఆ అంకె కింద రెండు గీతలు కొట్టింది.

"లాకు ఎలాగూ పనిచేస్తోంది కదా నాన్నా, దీపం కోసం ఇంత అవస్థ దేనికి?" అని అడిగింది తను, ఆయన మోచేతుల దాకా మసి చూసి. నాకూ ఆ ప్రశ్న వచ్చింది. ఆయన తాపీగా చెప్పారు. లాకు పడ్డప్పుడు దీపం లేకపోయినా నష్టం లేదు, బండి కదిలితే తెలుస్తుంది. వదలాల్సినప్పుడే దానితో పని. మీట ఆపినా పళ్లు బిగుసుకుని ఒక్కోసారి వెంటనే వదలవు. మంచి దీపమైతే వదిలేదాకా చెబుతూనే ఉంటుంది. తీగ తెగిన దీపం మీట ఆపగానే ఆరిపోతుంది. ఆరింది కదా అని రోడ్డెక్కి వేగంగా మలుపు తిప్పితే? "వెలగని దీపంతో భయం లేదమ్మా, ముందే ఆరిపోయేదానితోనే" అన్నారు.

అందుకే ఆయన పట్టుబట్టి, మా సహోద్యోగి గొర్రెల పొలానికి తీసుకెళ్లమన్నారు. ఓ గోతి దగ్గర ఎడమ వెనక చక్రం గాల్లోకి లేచేలా ఏటవాలుగా బండి నిలిపాం. లాకు లేకుండా తొక్కితే గాల్లో చక్రం గిర్రున తిరిగింది, వ్యాను అంగుళం కదల్లేదు. మీట నొక్కగానే దీపం మూడుసార్లు కొట్టుకుని నిలబడింది. బండి ఏమీ ఎరగనట్టు గోతిలోంచి నడిచి బయటికొచ్చింది. కంకర దారి మీదకొచ్చి మీట ఆపాను. దీపం ఆరలేదు. "నేరుగా పోనివ్వండి" అన్నారు. పది మీటర్లు వెళ్లాక లోపల చిన్న చప్పుడైంది, దీపం ఆరింది. "ఇప్పుడు తిప్పండి అల్లుడుగారూ."

జనవరిలో తీరానికి వెళ్లాం. పోటు బాగా తగ్గిన పూట. ఇసుక సిమెంటు రోడ్డులా గట్టిగా ఉంది. టె పాకి వాగులో నీళ్లు చీలమండ లోతే. ఆగకుండా నెమ్మది గేరులో దాటేశాం, లాకు అవసరమే పడలేదు. వాగు పొడవునా మామగారి చూపుడువేలు ఆ మీట మీదే ఉంది. ఒడ్డెక్కాక వెనక్కి తిరిగి ఇసుక దిబ్బల వైపు చూసి, అత్తయ్యగారికి వినపడకుండా అడిగారు: "కొంచెం మెత్తగా ఉన్నచోటు ఏమైనా ఉందంటారా?"