ఆవకాయ బరువు

టికెట్ 3,150 రూపాయలు. గన్నవరం నుంచి బెంగళూరుకి గంటా పావు. ఆఫీసులో లంచ్ టైంలో బుక్ చేసి, పక్క సీటు వాడికి స్క్రీన్‌షాట్ కూడా చూపించాను. జూన్ నెల, ఇంట్లో అప్పుడే కొత్త ఆవకాయ పెట్టారు.

తెనాలి నుంచి కారు మాట్లాడుకుని అమ్మా నాన్నా ఎయిర్‌పోర్టు దాకా వచ్చారు. టికెట్ లేనివాళ్లని లోపలికి రానివ్వరు కదా, అద్దాల బయటే నిలబడ్డారు. కౌంటర్ దగ్గర నా బ్యాగు పెడితే 22 కేజీలు చూపించింది. మామూలు టికెట్ మీద 15 కేజీలే ఉచితం. మిగతా ఏడుకి కేజీకి ఆరు వందల చొప్పున 4,200 కట్టమంది ఆ అమ్మాయి. నాకన్నా నా పచ్చళ్ల టికెట్టే ఎక్కువ!

ఆవకాయని చేతి సంచిలోకి మారుద్దామంటే నూనె పచ్చడి, సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. పైగా అందులో ల్యాప్‌టాప్‌తో ఏడు కేజీలు దాటకూడదు. లైన్లో పక్కకి జరిగి, అందరి ముందూ నేల మీద బ్యాగు విప్పాను. లోదుస్తుల మధ్య సున్నుండల డబ్బా, కందిపొడి, గోంగూర పచ్చడి, అడుగున ఐదు కేజీల బియ్యం. బెంగళూరులో బియ్యం దొరకవని ఎవరు చెప్పారో!

ఫోన్ తీసి అన్నాను, “ఎందుకమ్మా ఇవన్నీ? అక్కడ అన్నీ దొరుకుతాయి కదా!” గట్టిగానే అన్నాను. అద్దం అవతల అమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నన్నే చూస్తోంది. ఏమీ అనలేదు.

గేటు దగ్గర జవానుని బతిమాలి బియ్యం నాన్నకి ఇచ్చేశాను. ఇంకా రెండు కేజీలకి 1,200 కట్టాను. “ఎంత తీసుకున్నార్రా?” అని అమ్మ అడిగితే “ఏం లేదమ్మా, వదిలేశారు” అన్నాను. రసీదు బ్యాగుకే అంటించి ఉంది. అమ్మకి అది అంత దూరం నుంచి కనిపించదనుకున్నాను.

ఆ రాత్రి నిద్రపట్టక లెక్క వేశాను. టికెట్ 3,150. ఆన్‌లైన్‌లో కట్టినందుకు కన్వీనియెన్స్ ఫీజు 350. కిటికీ సీటు 250. బ్యాగు 1,200. తెనాలి నుంచి కారు 1,500. దిగాక ఎలక్ట్రానిక్ సిటీకి క్యాబ్ 1,450. మొత్తం 7,900. మధ్యాహ్నం ఒంటిగంటకి ఇల్లు వదిలితే రూముకి చేరింది రాత్రి తొమ్మిదికి. గంటా పావు ప్రయాణం!

బరువు ఎక్కువైతే ఇంధనం ఎక్కువ కాలుతుంది, నిజమే. కానీ ఉద్యోగంలో చేరాక నేను తొమ్మిది కేజీలు పెరిగాను, దానికి ఏ కౌంటర్లోనూ ఎవరూ బిల్లు వేయలేదు. అసలు సంగతి వేరే. ఒకప్పుడు టికెట్లోనే కలిసి ఉన్న సీటు, తిండి, బ్యాగు విడదీసి విడివిడిగా అమ్మితే మొదట కనిపించే రేటు తగ్గుతుంది. మనం చూసి టికెట్ కొనేది ఆ రేటునే. అమెరికాలో పెద్ద ఎయిర్‌లైన్స్ 2008లో మొదటి బ్యాగుకి కూడా డబ్బు తీసుకోవడం మొదలుపెట్టాయి. మన డీజీసీఏ 2021లో, చెక్-ఇన్ బ్యాగు లేనివాళ్లకి తక్కువ రేటుకి టికెట్ అమ్ముకోవచ్చని అనుమతి ఇచ్చింది. అదనపు బరువుని యాప్‌లో ముందుగా కొంటే కౌంటర్ రేటు కన్నా తక్కువే పడుతుంది. తెలిసినవాడికి ఒక రేటు, తెలియనివాడికి ఇంకో రేటు.

తిట్టడానికి నాకు నోరు పూర్తిగా రాదు. నేను పనిచేసేదీ ఒక షాపింగ్ యాప్‌లోనే. పేమెంట్ పేజీలో చివర్లో ఒక చిన్న ఫీజు కలిసే కోడ్ రాసింది నేనే. ఇలా చివరిదాకా దాచి ధర పెంచడాన్ని ‘డ్రిప్ ప్రైసింగ్’ అంటారు. 2023 నవంబరులో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో అదీ ఉంది. అప్పుడు ఆ కోడ్ మార్చిందీ నేనే. మార్చమన్నారు కాబట్టి మార్చాను.

దసరాకి మళ్లీ వెళ్లాను. వచ్చేటప్పుడు బ్యాగు అమ్మే సర్దింది. కౌంటర్లో 14.6 చూపించింది. వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద రెండుసార్లు తూయించిందట, నాన్న చెప్పాడు. హాయిగా అనిపించింది. రూముకి వచ్చి విప్పితే బట్టలు, ఒక చిన్న సీసాలో ఆవకాయ, అంతే. సున్నుండలు లేవు. కందిపొడి లేదు.

ఫోన్ చేశాను.

“అక్కడ అన్నీ దొరుకుతాయి కదా నాన్నా” అంది. కోపంగా కాదు. మామూలుగానే, నేను చెప్పిన విషయమే గుర్తుపెట్టుకుని చెప్పినట్టు.

తర్వాత ఆలస్యంగా అడిగింది, “మొన్న పన్నెండొందలు కట్టావు కదూ?”

సంక్రాంతికి వెళ్లి రావడానికి ఈసారి రైల్లో థర్డ్ ఏసీ బుక్ చేశాను. రాత్రంతా ప్రయాణమే, కానీ పడుకునే వస్తాం. నలభై కేజీల దాకా ఉచితమని అమ్మకి చెప్పాను.

“నలభయ్యా?” అంది. కాసేపు మాట లేదు. ఏవేవో లెక్కలు వేసుకుంటోందని తెలుస్తూనే ఉంది. వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది: “అయితే ఆ రోలు కూడా పంపించెయ్.”