గాలికి పూచీ ఎవరు?

మే నెల మధ్యాహ్నం. బస్సు దిగి పది అడుగులు వేసేసరికి చొక్కా తడిసి ముద్దవుతుంది. అద్దాల తలుపు తోసుకుని షాపింగ్‌ మాల్లోకి అడుగుపెట్టగానే... ‘హమ్మయ్య!’ అనుకుంటాం. ఆ చల్లగాలి ఎక్కణ్నుంచి వస్తోందో తలెత్తి చూడం. చూసినా కనిపించేది సీలింగులో ఓ తెల్లటి జాలీ మాత్రమే.

ఆ జాలీ వెనక ఏముందో చూడటమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు కొందరున్నారు. మాల్స్‌, ఆఫీసులు, ఆస్పత్రులు, హోటళ్లలో ఏసీ, గాలి వ్యవస్థల్ని తనిఖీ చేసేవాళ్లు. వాళ్లు పని సరిగ్గా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగలేదన్నది వార్త కాదు కాబట్టి వాళ్ల గురించి మనకెప్పుడూ తెలియదు.

అలాంటి ఒకాయన హైదరాబాద్‌లో ఉన్నారు. వయసు యాభై దాటింది. సొంతూరు గుంటూరు దగ్గర ఓ పల్లె. ఐటీఐలో రిఫ్రిజిరేషన్‌, ఏసీ ట్రేడ్‌ చదివి మొదట చేరింది మిర్చి కోల్డ్‌స్టోరేజీలో. అక్కడ చల్లదనానికి వాడేది అమ్మోనియా. ఎక్కువ కారితే కళ్లే చెబుతాయి. సన్నటి లీకైతే మాత్రం వెతకాలి. అందుకు గంధకం వత్తి వెలిగించి పైపుల వెంట తిప్పేవారు. అమ్మోనియా తగిలినచోట తెల్లటి పొగ లేచేది. కంటికి కనపడని గాలిని కనపడేలా చేయడం ఆయన అక్కడే నేర్చుకున్నారు. చేతిలోకి మీటర్లు వచ్చినా ఇప్పటికీ చేస్తున్నది అదే.

అందరికీ ఆదివారం సెలవు. ఆయనకు పని ఎక్కువ ఉండేది ఆ రోజే. ఆఫీసులు ఖాళీగా ఉంటేనే సీలింగు పలకలు విప్పగలరు, మిషన్లు ఆపగలరు.

వేడిని మోసే కూలీ

నిజానికి ఏసీ పుట్టింది మనిషి కోసం కాదు, కాగితం కోసం! 1902లో న్యూయార్క్‌ నగరం బ్రూక్లిన్‌లోని ఓ ప్రింటింగ్‌ ప్రెస్సుకు గాల్లోని తేమ పెద్ద తలనొప్పిగా మారింది. తేమకు కాగితం ఉబ్బేది, ఆరితే కుంచించుకుపోయేది. దాంతో ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చునేది కాదు. ఆ తేమను అదుపు చేయడానికి విల్లిస్‌ క్యారియర్‌ అనే పాతికేళ్ల ఇంజినీరు గీసిన ప్లానే నేటి ఏసీకి పునాది.

ఏసీ చలిని తయారుచేస్తుందనుకుంటాం. కాదు. గదిలో ఉన్న వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది. పెద్ద భవనాల్లో చాలాచోట్ల ఈ పని అంచెలంచెలుగా సాగుతుంది. చిల్లర్‌ అనే యంత్రం నీళ్లను 7 డిగ్రీల దాకా చల్లబరుస్తుంది. ఆ నీళ్లు పైపుల్లో అంతస్తు అంతస్తుకూ వెళ్తాయి. అక్కడ ‘ఏహెచ్‌యూ’ అనే పెద్ద పెట్టెలో ఫ్యాను గాలిని ఆ చల్లటి పైపుల మీదుగా తోస్తుంది. గదుల్లోకి చల్లగాలి వస్తుంది. నీళ్లు మాత్రం వేడిని పీల్చుకుని 12 డిగ్రీలై వెనక్కి చేరతాయి. ఆ వేడి చివరికి టెర్రస్‌ మీదున్న కూలింగ్‌ టవర్‌ దగ్గరికి వెళ్తుంది. అక్కడ నీళ్లు ధారలుగా పడుతూ, కొంత ఆవిరవుతూ వేడిని ఆకాశంలోకి వదిలేస్తాయి.

ఆయన తనిఖీ మొదలయ్యేది అక్కడే... టెర్రస్‌ మీద.

హోటల్లో వింత జ్వరం

టవర్‌ తలుపు తీసి ఆయన మొదట నీళ్లలో వేలు పెట్టి గోడను రుద్దుతారు. జిగురుగా తగిలితే ముఖం మారిపోతుంది. పాచి పట్టిందని అర్థం. నీళ్లలో మందు ఎప్పుడు కలిపారో రాసిన రిజిస్టర్‌ తెప్పించుకుంటారు. ముప్ఫై రోజులూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకే అంకె వేసి ఉంటే ఆ రిజిస్టర్‌ను పక్కన పెట్టేసి నీళ్ల శాంపిల్‌ పడతారు.

అంత అనుమానం ఎందుకూ అంటే దాని వెనక ఓ కథ ఉంది. 1976 జులైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఓ పేరున్న హోటల్లో మాజీ సైనికుల మహాసభ జరిగింది. సభ ముగించుకుని ఇళ్లకు వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే న్యుమోనియాతో మంచాన పడ్డారు. ఆ హోటల్‌ బయట రోడ్డు మీద నడిచినవాళ్లలోనూ కొందరికి అదే జబ్బు. రెండొందల మందికి పైగా జబ్బుపడితే 34 మంది చనిపోయారు. కారణం ఏమిటో నెలల తరబడి ఎవరికీ అంతుపట్టలేదు. 1977 జనవరిలో జోసెఫ్‌ మెక్‌డేడ్‌ అనే శాస్త్రవేత్త ఆ బ్యాక్టీరియాను పట్టుకున్నారు. సైనికుల సంఘం ‘అమెరికన్‌ లీజియన్‌’ పేరు మీదే దానికి ‘లీజియోనెల్లా’ అని పేరు పెట్టారు. అనుమానం ప్రధానంగా ఆ హోటల్‌ కూలింగ్‌ టవర్‌ మీదికే వెళ్లింది. గోరువెచ్చటి నీళ్లు, పాచి ఉన్నచోట ఆ బ్యాక్టీరియా పెరుగుతుంది. టవర్‌లోంచి లేచే సన్నటి తుంపరతో కలిసి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

పాత ముచ్చటే కదా అనుకోవడానికి లేదు. 2015 వేసవిలో న్యూయార్క్‌లోని సౌత్‌ బ్రాంక్స్‌లో ఇదే జబ్బు 138 మందికి సోకి, 16 మందిని బలి తీసుకుంది. మూలం ఓ హోటల్‌ కూలింగ్‌ టవరేనని తేలింది. ఆ తర్వాతే నగరంలోని టవర్లన్నీ నమోదు చేయించాలనీ, నడిచినంతకాలం మూడు నెలలకోసారి తనిఖీ జరగాలనీ అక్కడ చట్టం వచ్చింది.

థర్మోకోల్‌ ముక్క

టెర్రస్‌ దిగి ఒక్కో అంతస్తులో ఏహెచ్‌యూ గది తెరుస్తారు. ఫిల్టర్‌ బయటికి లాగి వెలుతురుకేసి చూస్తారు. వెలుతురు కనపడకపోతే గాలి కూడా రానట్టే. తర్వాత నీళ్లు కారే ట్రే. అది ఒకవైపు వాలి ఉండాలి. సమంగా ఉంటే నీళ్లు నిలిచి బూజు పడుతుంది. మర్నాడు ఉదయం ఆఫీసు తెరవగానే వచ్చే తడిగుడ్డ వాసనకు కారణం చాలాసార్లు ఆ ట్రేనే.

అన్నిటికంటే ముఖ్యంగా ఆయన వెతికేది మరొకటుంది... బయటి గాలి వచ్చే కిటికీ. ఏసీ గదిలో తిరిగేది ఎక్కువగా లోపలి గాలే. అందులో కొంత బయటి గాలి కలపకపోతే ఒకరు వదిలిన ఊపిరి ఇంకొకరు పీల్చుకుంటూ కూర్చోవాల్సిందే. మామూలు ఆఫీసులో ఒక్కో మనిషికీ సెకనుకు దాదాపు 8.5 లీటర్ల బయటి గాలి అందాలని అమెరికాలోని ‘ఆష్రే’ అనే ఇంజినీర్ల సంస్థ ప్రమాణం చెబుతుంది. కానీ బయటి గాలి వేడిగా ఉంటుంది. దాన్ని చల్లబరచాలంటే కరెంటు ఖర్చవుతుంది. అందుకే ఎవరో ఒకరు ఆ కిటికీకి ఓ థర్మోకోల్‌ ముక్క అడ్డుపెట్టేస్తారు. బిల్లు తగ్గుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. మధ్యాహ్నం నాలుగయ్యేసరికి సగం మందికి తలనొప్పి. ‘లంచ్‌ ఎక్కువైందేమో’ అనుకుంటారు!

అందుకే ఆయన ఆదివారంతో ఆగరు. మామూలు పనిరోజున, అందరూ సీట్లలో ఉన్నప్పుడు మళ్లీ వస్తారు. జేబులోంచి చిన్న మీటర్‌ తీసి బల్ల మీద పెడతారు. అది కార్బన్‌ డయాక్సైడ్‌ని కొలుస్తుంది. బయటి గాల్లో అది పదిలక్షల పాళ్లకు సుమారు 420 పాళ్లు ఉంటుంది. గదిలో వెయ్యి దాటిందంటే మనుషులకు తగ్గ గాలి రావట్లేదని గుర్తు. ఈ వెయ్యి లెక్కను 1858లోనే జర్మనీలోని మ్యూనిక్‌ శాస్త్రవేత్త మ్యాక్స్‌ ఫాన్‌ పెటెన్‌కోఫర్‌ చెప్పారు. వెయ్యి దగ్గర ఆ వాయువు విషమేమీ కాదు. గదిలో గాలి ఎంత పాతదో చెప్పే గుర్తు, అంతే.

కొవిడ్‌ వచ్చాక ఈ లెక్క విలువ అందరికీ తెలిసొచ్చింది. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఓ రెస్టారెంట్‌లో పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని భోంచేసిన మూడు కుటుంబాల్లో పదిమందికి కొవిడ్‌ సోకింది. ఏసీ గాలి ఆ మూడు బల్లల మధ్యే సుడి తిరిగిందనీ, బయటి గాలి దాదాపు రాలేదనీ పరిశోధకులు తేల్చారు.

ఓ ఇనుప తీగ

ఇక డక్టులు. చల్లగాలిని మోసే ఈ రేకు గొట్టాలు గోడల్ని చీల్చుకుంటూ భవనమంతా తిరుగుతాయి. గాలి వెళ్లే దారిలో పొగ కూడా వెళ్లగలదు. అందుకే గోడ దాటేచోట డక్టులో ‘ఫైర్‌ డ్యాంపర్‌’ అనే రేకు తలుపు పెడతారు. చాలా రకాల్లో దాన్ని ఓ చిన్న లోహపు లంకె తెరిచి పట్టుకుంటుంది. మంట వేడికి... సుమారు 72 డిగ్రీల దగ్గర ఆ లంకె కరిగి, తలుపు దానంతటదే మూసుకుంటుంది.

1980 నవంబరులో అమెరికాలోని లాస్‌వెగాస్‌లో ఓ పెద్ద హోటల్‌ కాలిపోయి 85 మంది చనిపోయారు. మంట కింది అంతస్తులోనే ఆగింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మాత్రం పైఅంతస్తుల్లో పొగకు ఊపిరాడక పోయినవాళ్లు. పొగ ఎక్కిన దారుల్లో మెట్లు, లిఫ్టులతోపాటు గాలి గొట్టాలూ ఉన్నాయి. మూసుకోవాల్సిన డ్యాంపర్లు కొన్ని మూసుకోలేదు. 2011 డిసెంబరులో కోల్‌కతాలోని ఓ ఆస్పత్రిలోనూ అంతే. బేస్‌మెంట్‌లో రేగిన మంట తాలూకు పొగ ఏసీ డక్టుల్లోంచి వార్డుల్లోకి పాకింది. దాదాపు 90 మంది పోయారు. ఎక్కువమంది మంచం దిగలేని రోగులే.

ఇవన్నీ ఆయనకు కంఠతా వచ్చు. కాబట్టే మాదాపూర్‌లోని ఓ ఆరంతస్తుల భవనంలో సీలింగు పలక విప్పి టార్చి వేసినప్పుడు చూసినదాన్ని చూడనట్టు వదిలేయలేకపోయారు. నాలుగో అంతస్తులో డ్యాంపర్‌ని ఎవరో ఇనుప తీగతో కట్టేశారు. లంకె పాడై అది ఊరికే మూసుకుపోతుంటే చల్లగాలి రావట్లేదని అద్దెకున్నవాళ్లు గొడవ చేశారట. మెకానిక్‌ తీగ చుట్టేసి వెళ్లిపోయాడు. గొడవ తీరిపోయింది.

భవనం మేనేజర్‌ చెడ్డవాడేం కాదు. టీ తెప్పించాడు. ‘‘సార్‌, ఫైర్‌ ఎన్‌ఓసీ రెన్యువల్‌ ఉంది. ఈ ఒక్క లైనూ ‘ఓకే’ అని వేసేయండి. వచ్చే నెల నేనే దగ్గరుండి చేయిస్తా’’ అన్నాడు. బతిమాలినట్టే అన్నాడు. ఆయన వెంట వచ్చిన నల్గొండ కుర్రాడు చెవిలో గొణిగాడు... ‘‘లేదని రాస్తే మనల్ని మళ్ల పిలుస్తరా సార్‌?’’

‘‘పిలవరు నాయనా’’ అన్నారాయన. అని, రిపోర్టులో రాశారు... ‘నాలుగో అంతస్తు. డ్యాంపర్‌ మూసుకోవడం లేదు. తీగతో కట్టి ఉంది.’ ఫొటో తీసి జతచేశారు. తేదీ వేసి సంతకం పెట్టారు.

ఆ మరుసటి ఏడాది ఆ భవనం కాంట్రాక్టు వేరేవాళ్లకు వెళ్లింది. ఆ ఏడాది చిన్నమ్మాయి ఇంజినీరింగ్‌ ఫీజుకు ఆయన చిట్టీని తొందరపడి నష్టానికి పాడుకోవాల్సి వచ్చింది. ఇంట్లో నాలుగు మాటలు పడ్డారు కూడా. కొన్నాళ్లకు అటువైపు వెళ్తే వాచ్‌మన్‌ గుర్తుపట్టి ఆపాడు. ‘‘మీరు ఫొటో తీసుకున్న తీగ తీసేశారు సార్‌. కొత్తది పెట్టారు’’ అన్నాడు. ఆ మాట ఇంట్లో చెబితే భార్య ఒక్క క్షణం ఊరుకుని, ‘‘పోన్లెండి’’ అన్నారట. ఆయనకు దొరికిన సన్మానం అంతే.

మనం చూడగలిగినవి

తనిఖీకి మీటర్లు ఉండాల్సిందే. కానీ మన ముక్కు, కళ్లు కూడా కొంత చెబుతాయి. పిల్లల ట్యూషన్‌ సెంటర్లో, మనం పనిచేసే ఆఫీసులో జాలీ చుట్టూ నల్లటి చారలున్నా, సీలింగు పలక మీద తడి మరక పెరుగుతున్నా, ఏసీ వేయగానే బూజువాసన వచ్చినా, రోజూ అదే వేళకు అందరికీ మగతగా ఉండి బయటికి రాగానే తేలికపడుతున్నా... అడగాల్సిన సమయం వచ్చినట్టే. ‘ఫిల్టర్‌ ఎప్పుడు మార్చారు? బయటి గాలి వచ్చే దారి తెరిచే ఉందా? డ్యాంపర్లు ఎప్పుడు పరీక్షించారు?’ ఈ మూడు ప్రశ్నలకు పెద్ద చదువులు అక్కర్లేదు.

చలి దేశాల్లో ఉన్న మన పిల్లలకైతే ఇంకో ప్రశ్న. అక్కడ గ్యాస్‌ ఫర్నేసుతో భవనాన్ని వెచ్చబెడతారు. దాని పొగగొట్టం మూసుకుపోతే వాసనా రంగూ లేని కార్బన్‌ మోనాక్సైడ్‌ లోపలికి వస్తుంది. చలికాలం రాకముందే ఫర్నేసు చూపించారా, అలారం పనిచేస్తోందా అని ఫోన్లో ఓసారి అడగడంలో తప్పులేదు.

నీళ్లు మురికిగా ఉంటే పారబోస్తాం. అన్నం పాచిపోతే తినం. గాలిని మాత్రం ఏది వస్తే అది పీల్చేస్తాం, ఎంచుకునే వీల్లేదు కాబట్టి. మన తరఫున ఎవరో ఒకరు నిచ్చెనెక్కి, పలక విప్పి, చూసింది చూసినట్టు రాయాలి. రాసినందుకు ఆ మనిషి బతుకుదెరువు పోకుండా చూసుకోవాల్సింది మాత్రం... అదే గాలి పీల్చే మనమే!