చివరికి ఉంచుకునేవి

మన ఇళ్ళల్లో గడప దగ్గర మొదట విడిచేవి చెప్పులు. జర్మనీలో హార్జ్ కొండల మధ్య, డాంకెరోడె దగ్గర, బట్టల్లేకుండా నడిచేవాళ్ళ కోసం 2010లో తెరిచిన 18 కిలోమీటర్ల దారిలో ఇది తలకిందులు. అన్నీ విప్పేసినా కాళ్ళకున్నవి మాత్రం ఉంటాయి.

వెళ్దామనుకున్నాక వారం రోజులు నేను ఆలోచించింది బూట్ల గురించే. ఆకులు పరుచుకున్న మెత్తటి అడవి బాటకి తేలికపాటి రన్నింగ్ షూస్ చాలు. రాళ్ళు జారే వాలులో చీలమండ పైదాకా పట్టుకునే బూట్లు కావాలి. పడితే మోకాలికి ప్యాంటు అడ్డం ఉండదు కదా! తడిసిన వేర్ల మీద, అడుగున లోతుగా గీతలున్న రబ్బరే పట్టు ఇస్తుంది. వాగులో పట్టీల శాండల్స్ హాయి. గడ్డిలో మాత్రం వద్దు, పిడుదులుంటాయి. పొడుగు సాక్స్ వేసుకున్నా సాయంత్రం ఒళ్ళంతా వెతుక్కోవాల్సిందే.

నాకు మోకాళ్ళ కింద బొల్లి మచ్చలున్నాయి. ఇంటర్ నుంచీ ఏం కొన్నా అవి కనబడకుండా ఉంటాయా అని చూసే కొన్నాను. ఈసారి షాపులో బూటు తొడుక్కుని, వేళ్ళు ముందుకి తగులుతున్నాయా అని చూశాను. కొండ దిగేటప్పుడు తగిలితే గోళ్ళు నల్లబడతాయి.

మచ్చల సంగతి, బిల్లు కట్టి బయటికొచ్చాక గానీ గుర్తుకు రాలేదు.