మోటారుకు స్టార్టర్ ఉన్నట్టే బండి లైటుకు రిలే

ఈసారి పంట గురించి కాదు, మన మోటర్‌సైకిల్ ముందు లైటు గురించి రాస్తున్న. పోస్టు పొడుగ్గానే ఉంటది, జర ఓపికగా చదవండి.

మనం చీకట్ల ఎంత తిరుగుతమో ఒకసారి లెక్కేసుకోండి. కూరగాయలు వేసినోళ్లు మూడు గంటలకే మార్కెట్ దారి పట్టాలె. పాలు పోసేటోళ్లు కోడి కూయకముందే లేవాలె. మక్క కంకి పాలు పోసుకునే టైముకు అడవి పందుల కావలి ఉండనే ఉంది. వడ్లు కొనుగోలు కేంద్రంల పోసినంక అక్కడ ఇంకో కావలి. 2018 జనవరి నుంచి 24 గంటల కరెంటు వచ్చి అర్ధరాత్రి మోటారు కాడికి ఉరుకుడు తగ్గింది గానీ, రాత్రి ప్రయాణం మాత్రం మనకు తప్పలేదు.

పోయిన యాసంగి కోతలప్పుడు మా వాడకట్టు తమ్ముడొకడు కేంద్రం కాడి నుంచి రాత్రి పది గంటలకు వస్తూ రోడ్డు మీద వడ్ల కుప్పకు అడ్డం పెట్టిన రాళ్లకు కొట్టుకున్నడు. కుప్ప మీద నల్ల టార్పాలిన్, చుట్టూ నల్ల రాళ్లు, కింద నల్ల తారు. మెడ కింది ఎముక విరిగి రెండు నెలలు మంచం పట్టిండు. తాగలేదు, అతి స్పీడు కూడా పోలేదు. లైటు వెలుగుతనే ఉంది. కానీ ఆ వెలుగు ఎంత దూరం పడ్డదన్నదే అసలు ముచ్చట. 50 స్పీడుల బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతది. లైటు 20 మీటర్లే చూపిస్తే, రాయి కనబడ్డదని మనకు తెలిసి బ్రేకు మీద కాలు పడేలోపే సగం కన్నా ఎక్కువ దూరం అయిపోతది. మిగిలిన దాంట్ల బండి ఆగదు.

ఆ తర్వాతనే నా బండి లైటు మీద నాకు సోయి వచ్చింది. పదేండ్లు దాటిన బండి. లైటు పసుపు రంగుల, దీపం బుడ్డి లెక్క ఉండేది. షాపుకు పోతే అందరూ చెప్పేది ఒక్కటే మాట, "పెద్ద బల్బు ఎయ్యి, లేకుంటే ఎల్ఈడీ ఎయ్యి." బల్బు మార్చేముందు ఒకసారి కొలిచి చూద్దామనుకున్న. మోటారు ఫ్యూజుల కోసం కొన్న మల్టీమీటర్ ఇంట్ల ఉంది కదా.

ఇంజిన్ నడుస్తుండంగ, లైటు వేసి బ్యాటరీ కాడ పెడితే 13.8 వోల్టులు. మంచిగనే ఉంది. అదే మీటర్ బల్బు వెనక ప్లగ్గుల పెడితే 11.6. అంటే బ్యాటరీ నుంచి బల్బు దాకా, మూడు నాలుగు అడుగుల దారిల, 2.2 వోల్టులు మాయం.

రెండు వోల్టులే కదా అనుకోకండి. ఫిలమెంట్ బల్బు స్వభావం వేరే. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు పదో వంతు కాదు, దగ్గర దగ్గర మూడో వంతు తగ్గుతది. నా లెక్కల రావలసిన వెలుతురుల సగానికి జర ఎక్కువనే వస్తున్నట్టు. మనకిది కొత్త సంగతి కాదు. లైను చివర ఉన్న బోరు మోటారు లో వోల్టేజీల ఎట్ల మూలుగుతదో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మోటారు మంచిదే, ట్రాన్స్‌ఫార్మర్ మంచిదే, మధ్యల సన్న వైరు, వదులు జాయింట్లు తింటయి. బండిల కూడా అదే జరుగుతున్నది.

బండిల కరెంటు దారి చూడండి. బ్యాటరీ నుంచి తాళం స్విచ్, అక్కడి నుంచి హ్యాండిల్ మీద లైటు స్విచ్, మళ్ల డిమ్-హై స్విచ్, అప్పుడు బల్బు. దారి పొడుగునా దారం అంత సన్న వైర్లు. ఆ స్విచ్‌లల్ల మన దుమ్ము, వాన నీళ్లు, యూరియా చేతులు, అన్నీ పోతయి. లోపల రాగి కాంటాక్టుకు చిలుము పడతది. 35 వాట్ల బల్బు మూడు ఆంపియర్లు తాగుతది. ఆ మూడు ఆంపియర్లు ఇన్ని చిలుము పట్టిన గుమ్మాలు దాటి పోవాలె.

ఇగ ఇక్కడ మన స్టార్టర్ డబ్బాను యాది చేసుకోండి. పచ్చ బటన్ నొక్కితే మోటారు కరెంటంతా ఆ బటన్‌ల నుంచే పోతదా? పోదు. బటన్ నుంచి పోయేది కాయిల్‌కు కావలసిన కొంచెం కరెంటు. కాయిల్ అయస్కాంతం అయ్యి లావు కాంటాక్టులను గుంజి పట్టుకుంటది. మోటారు తాగేదంతా ఆ కాంటాక్టుల మీదుగ పోతది. అగ్గిపెట్టె కన్నా చిన్నగ ఉండే ఆటో రిలే చేసేది అచ్చం అదే పని. పాత స్విచ్ రిలే కాయిల్‌ను మాత్రమే నడుపుతది, దానికి పావు ఆంపియర్ కూడా పట్టదు. బల్బుకు కరెంటు బ్యాటరీ నుంచి లావు వైరుల నేరుగ పోతది.

రిలే అడుగున నాలుగు కాళ్లుంటయి, పక్కన నంబర్లు రాసి ఉంటయి. 30కి బ్యాటరీ ప్లస్ నుంచి వైరు, మధ్యల బ్యాటరీకి జానెడు దూరంలనే 10 ఆంపియర్ల ఫ్యూజు. 87 నుంచి బల్బుకు. 86కు పాత లైటు వైరు. 85 ఎర్త్. కొన్నిట్ల ఐదో కాలు 87ఎ అని ఉంటది, దాన్ని ఖాళీగ వదిలెయ్యాలె. డిమ్‌కు ఒకటి, హైకి ఒకటి, రెండు రిలేలు కావాలె. పాత ప్లగ్గుల డిమ్ వైరు ఒక రిలే 86కు, హై వైరు ఇంకో రిలే 86కు పోతది. వైరు 1.5 స్క్వేర్ ఎంఎం రాగిది, మెత్తటిది. బల్బు హోల్డర్ పింగాణీది తీసుకోండి, ప్లాస్టిక్‌ది వేడికి కరుగుతది. ఇవన్నీ కలిపి అల్లి పెట్టిన రెడీమేడ్ సెట్టు కూడా ఆటో ఎలక్ట్రికల్ షాపులల్ల దొరుకుతది. నాకు విడిగ కొన్నా 600 లోపే అయింది, ఫ్యూజు డబ్బాతో సహా.

ఫ్యూజు సంగతి నవ్వులాట కాదు. ఫ్యూజు లేని బ్యాటరీ వైరు ఎక్కడన్న చాసీకి రాసుకుపోయి తగిలితే వైరు ఎర్రగ కాలుతది, దాని పైననే పెట్రోల్ ట్యాంకు. "తర్వాత వేద్దాంలే" అనే మెకానిక్ కాడ పని చేయించకండి.

ఎర్త్ వైరును మనోళ్లు పట్టించుకోరు. కరెంటు పోవుడు ఎంత ముఖ్యమో తిరిగి వచ్చుడు అంతే ముఖ్యం. బల్బు ఎర్త్‌ను పాత సన్న వైరుకు వదిలెయ్యకుండ కొత్త వైరుతో బ్యాటరీ మైనస్ దాకా తెచ్చిన. రిలేలను కాళ్లు కిందికి వచ్చేటట్టు ట్యాంకు కింద కట్టిన, నీళ్లు నిలవకుండ. వైర్లకు ముడతల ప్లాస్టిక్ గొట్టం తొడిగిన. పశువుల కొట్టంల పెట్టే బండికి ఎలుకల బాధ మీకు తెలిసిందే.

అదే బల్బు, అదే 35 వాట్లు. ఇప్పుడు ప్లగ్గుల 13.5 వస్తున్నది. వెలుతురు పసుపు పోయి తెల్లబడ్డది. మా వాగు కల్వర్టు మీద కూలిన పిట్టగోడ ఇంతకుముందు దగ్గరికి పోతే గాని తెలిసేది కాదు, ఇప్పుడు మలుపు తిరగంగనే కనబడుతున్నది.

అయితే అన్ని బండ్లకు ఇది నడవది. మీ బండి ఏ రకమో ఇట్ల చూడండి. ఇంజిన్ బంద్ చేసి తాళం తిప్పి లైటు స్విచ్ వెయ్యండి. వెలిగితే బ్యాటరీ లైటు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు లైటు స్విచ్ ఉండదు, ఎప్పుడూ వెలుగుతనే ఉంటది, వాటిల మల్ల కొన్ని ఇంజిన్ నడిస్తేనే వెలుగుతయి, అందుకని అవి మెకానిక్‌కు చూపించుకునుడు మేలు. పాత 100 సీసీ బండ్లల్ల చాలావరకు ఇంజిన్ స్టార్ట్ చేస్తేనే లైటు, ఎక్స్‌లేటర్ ఇస్తే పెరుగుతది, వదిలితే డీలా పడతది. అది కాయిల్ నుంచి నేరుగ వచ్చే ఏసీ కరెంటు. దానికి పైన చెప్పిన రిలే పెడితే రిలే టకటక కొట్టుకుంటది. పోనీ బ్యాటరీకి మారుద్దామంటే ఆ బండ్ల బ్యాటరీ శానా చిన్నది, కాయిల్, రెగ్యులేటర్ మార్చకుండ లైటు దాని మీద వేస్తే వారంల బ్యాటరీ పడుకుంటది. ఆ బండి ఉన్నోళ్లు స్విచ్ విప్పి కాంటాక్టులు శుభ్రం చేయించి, ఎర్త్ గట్టి చేసి, రిఫ్లెక్టర్ చూసుకోండి. లోపలి అద్దం మెరుపు పోయి నల్లబడితే ఏ వైరూ ఏ బల్బూ దాన్ని కాపాడలేవు, డూమ్ మార్చుడే.

100 వాట్ల బల్బు ముచ్చట. అది ఏడెనిమిది ఆంపియర్లు గుంజుతది. పాత సన్న వైర్ల మీద వేస్తే హోల్డర్ కరుగుతది, మంచి వైరు వేసినా చిన్న బండి కాయిల్ అంత కరెంటు పుట్టించలేదు. మూడు హెచ్‌పీ లైను మీద పది హెచ్‌పీ మోటారు పెట్టినట్టు. ఇగ ఎల్ఈడీ. ఫిలమెంట్ బల్బు కోసం చేసిన డూమ్‌ల ఎల్ఈడీ పెడితే వెలుతురు చెట్ల మీద, ఎదురు వచ్చేటోని కండ్లల్ల పడతది, రోడ్డు మీద మాత్రం తక్కువ. నాకు వాటి మీద కోపం ఉన్నమాట నిజమే. ఎదురుగ ఒక్క ఎల్ఈడీ బండి పోయినంక నాలుగైదు సెకన్లు ఏమీ కనబడది, ఆ గ్యాపులనే గేదె ఉంటది.

వెలుతురు పెరిగినప్పుడు మన లైటు కూడా ఎవని కండ్లల్ల పడొద్దు కదా. అందుకని లైటు వంపు సరిచేసుకోండి. చదునైన జాగల గోడకు 25 అడుగుల దూరంల బండి నిలబెట్టి, మీరు ఎక్కి కూసొని డిమ్ వెయ్యండి. గోడ మీద వెలుతురు నడిమి భాగం లైటు ఎత్తు కన్నా నాలుగు వేళ్లు కిందికి ఉండాలె. వెనక 45 కిలోల యూరియా బస్తా వేసి ఇంకోసారి చూడండి. వెనక కుంగి ముందు లేస్తది, డిమ్ కాస్తా హై అయిపోతది. బస్తాలతో రాత్రి వచ్చేటోళ్లు డూమ్ పక్క బోల్టు వదులు చేసి కొంచెం దించుకోవాలె.

రోడ్డు మీద వడ్లు పోసేటోళ్లకు కూడా ఒక మాట. కల్లం లేక పోస్తరని తెలుసు. రాళ్లకు బదులు ఇసుక నింపిన యూరియా సంచులు పెట్టండి, తెల్లగ కనబడుతయి, తగిలినా మనిషి బతుకుతడు. ట్రాక్టర్ ట్రాలీలకు వెనక ఎర్ర రేడియం స్టిక్కర్ అంటించండి.

మా దిక్కు నలుగురు కలిసి వచ్చే ఆదివారం రిలేలు తెచ్చుకుంటున్నరు. దగ్గరి ఊర్లోళ్లు ఎవరన్న కొలిపించుకోవాలంటే మీటర్ నా కాడ ఉంది. పొద్దుగూకినంక బండి తీసుకొని రండి, మా గోదాము గోడ మీద లైటు వంపు కూడా అప్పుడే చూసుకుందాం.